శనివారం కర్ర, ఆదివారం స్కీ

పదకొండు నిమిషాల వీడియో. "ఒక్క వీకెండ్‌లో ఇంట్లోనే స్కీలు" అని దాని పేరు. గడ్డం పెంచుకున్న ఒకాయన శనివారం పొద్దున్నే చెక్కలు కోస్తూ కనిపిస్తాడు. వెనకాల గిటార్ మోగుతూ ఉంటుంది. ఆదివారం సాయంత్రానికల్లా తను చేసిన స్కీలేసుకుని మంచు మీద జారిపోతూ, కెమెరా వైపు తిరిగి నవ్వుతాడు. శాస్త్రీయ దృష్టితో నేను దాన్ని తొమ్మిదిసార్లు చూశాను. చూసి, నేనూ ఒక శనివారం పూట మొదలుపెట్టాను. అది కిందటి ఏడాది చలికాలం. ఆ వీకెండ్ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆయన్ని అబద్ధాలకోరు అనను. చెప్పిన ప్రతి మాటా నిజమే. చెప్పని వాటితోనే నా గొడవ. మూడో నిమిషంలో "ముందుగా మీ మౌల్డ్, ప్రెస్ తీసుకోండి" అంటాడు, అటక మీంచి గిన్నె దింపమన్నంత తేలిగ్గా. నాలుగు సెకన్ల ముక్క అది. ఆ నాలుగు సెకన్లలో నా ఎనిమిది నెలలు కలిసిపోయాయి.

స్కీ అంటే కొస తిరిగిన పలక కాదు. నేల మీద పెడితే నడుం కింద వెలుతురు కనపడాలి. దాన్నే క్యాంబర్ అంటారు. జిగురు ఏ ఒంపులో గట్టిపడితే స్కీ జన్మంతా ఆ ఒంపులోనే ఉంటుంది కాబట్టి, ఆ ఒంపంతా ముందే మౌల్డ్‌లో చెక్కి పెట్టుకోవాలి. ఆ తర్వాత ప్రెస్‌లో పెట్టి నొక్కాలి. ఇళ్లల్లో చేసుకునేవాళ్లు కిందా పైనా ఇనప దూలాలు బిగించి, మధ్యలో ఫైరింజన్ గొట్టం పెట్టి గాలి కొడతారు. లెక్క వేద్దాం. పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు సగటున 12. మొత్తం 2,160 చదరపు సెంటీమీటర్లు. గొట్టంలో గాలి 50 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు. వెరసి ఏడున్నర టన్నులు. ఒక్కో స్కీ మీద రెండు ఏనుగులు, అదీ రాత్రంతా, కదలకుండా. ఒక్క బోల్టు తెగితే ఆ ఏనుగులు ఎటు వస్తాయో చెప్పక్కర్లేదు.

మన గడ్డం బాబు తన స్కీ మీద ఏం పెట్టాడంటారు? రెండు ఇసక బస్తాలు, ఒక పూలకుండీ.

కుండీలో మొక్క కూడా ఉంది. (వ్యాక్యూమ్ సంచి పద్ధతి ఒకటుంది, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. సంచిలోంచి గాలి లాగేస్తే బయటి వాతావరణమే నొక్కుతుంది. చదరపు సెంటీమీటరుకు కిలోకి మించి రాదు గానీ, మంచి స్కీలే వస్తాయి. అందులో కూడా పూలకుండీకి పనేమీ లేదు.)

నా తప్పూ ఒప్పుకోవాలి. ప్రెస్ లేదు, కోర్ (స్కీ లోపలుండే కర్ర) లేదు, కనీసం చెక్క కొనలేదు. మొదటి మూడు నెలలూ టాప్‌షీట్, అంటే స్కీకి అన్నిటికన్నా పైన ఉండే పొర మీద వెయ్యాల్సిన బొమ్మ గీశాను. రెక్కలు చాపిన గద్ద. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ గద్ద చివరికి అచ్చుకే వెళ్లలేదు. ఏ బొమ్మా లేని పారదర్శకమైన టాప్‌షీట్‌తో సరిపెట్టుకున్నాను.

కోర్ సంగతి క్లుప్తంగా చెప్తాను, తల్చుకుంటే ఇప్పటికీ భుజాలు నొప్పి. కర్ర పట్టీలు నిలువుగా అతికించి, రౌటర్ అనే కర్ర చెక్కే యంత్రంతో కొసల దగ్గర రెండు మిల్లీమీటర్లు, నడుం దగ్గర పదకొండు మిల్లీమీటర్లు వచ్చేలా చెక్కాలి. కర్ర పట్టీ మందం పదో వంతు పెరిగితే దాని బిగువు మూడో వంతు పెరుగుతుంది. చెయ్యి ఒకచోట అర మిల్లీమీటరు తడబడింది, అంతే. కవలలు కావాల్సినవి సవతి బిడ్డలయ్యాయి.

ఈ విషయంలో మా ఆవిడ నన్ను ఓదార్చిన తీరు చెప్పాలి. నార్వేలో డిగర్‌వార్డెన్ అనే కొండ మీద, కరుగుతున్న మంచులో 2014లో ఒక స్కీ దొరికింది. 1,300 ఏళ్ల నాటిది. దాని జత అదే చోట 2021లో దొరికింది. కొలిచి చూస్తే రెండూ ఒక సైజు కావు. "చూశారా, వెయ్యేళ్ల కిందట కూడా మీలాంటివాళ్లున్నారు" అంది. ఓదార్పే అనుకుంటున్నాను.

చరిత్రలో ఒక్క పూటలో పని ముగించినవాడు లేకపోలేదు. మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ 1965 క్రిస్మస్ నాడు రెండు స్కీలను పక్కపక్కన బిగించి కూతుళ్లకు ఆటబల్ల చేసిచ్చాడు. స్నోబోర్డు పుట్టుక కథల్లో అదొకటి. కానీ ఆయన స్కీలు చెయ్యలేదు, ఉన్నవాటిని కలిపాడు. నిజంగా చెయ్యడానికి కూర్చున్న హోవర్డ్ హెడ్ విమానాల కంపెనీలో ఇంజనీరు. ఆయన మొదటి జతలు విరిగాయి, మార్చి చేస్తే మళ్లీ విరిగాయి. 1947లో మొదలుపెట్టిన మనిషి నికరంగా నిలబడే స్కీకి వచ్చేసరికి 1950 అయింది. పాపం, ఆయనకు పూలకుండీ ఆలోచన తట్టలేదు.

ఇక జిగురు రోజు.

ఎపాక్సీ రెండు డబ్బాల్లో వస్తుంది, రెజిన్ ఒకటి, హార్డెనర్ ఒకటి. తూకం వేసి కలపాలి. కలిపాక గడియారం మన మాట వినదు. నా డబ్బా మీద పాతిక నిమిషాలని రాసి ఉంది. సాయానికి మా బావమరిదిని పిలిచాను.

"మీరు గ్లాస్ బట్ట పరవండి బావా, కలపడం నేను చూసుకుంటా" అన్నాడు.

గాజు పోగులతో నేసిన ఆ బట్టని నేను పరుస్తున్నాను. వాడి ఫోన్ మోగింది. వాడు కలిపిన గ్లాసు బల్ల మీద పెట్టి, చేతి తొడుగు సగం చింపి అవతల పారేసి, ఫోనెత్తి, అవతలి వాళ్లతో కులాసాగా మాట్లాడి, మళ్లీ గ్లాసు అందుకున్నాడు.

"బావా, ఇది వెచ్చగా ఉందేంటి?"

"ఎంత వెచ్చగా?"

"కాఫీ అంత."

సిద్ధాంతం నాకు తెలుసు. గట్టిపడేటప్పుడు ఎపాక్సీ వేడి పుట్టిస్తుంది. లోతు గ్లాసులో ఆ వేడి బయటికి పోదు. వేడికి ఇంకా త్వరగా గట్టిపడుతుంది, గట్టిపడుతూ ఇంకా వేడెక్కుతుంది. అందుకే వెడల్పాటి ట్రేలో పలచగా పొయ్యాలి. సిద్ధాంతం బుర్రలో ఉంది. ట్రే గ్లాస్ బట్ట కింద ఉంది.

"పట్టుకోలేకపోతున్నా బావా."

"కింద పెట్టు!"

"పెట్టా. పొగ వస్తోంది."

ప్లాస్టిక్ గ్లాసు నడుం వంచి ఒక పక్కకి వాలింది. లోపల తేనె రంగు ముద్ద బుసబుసమని పొంగుతోంది. పటకారుతో పట్టుకుని బయటికి పరిగెత్తాం. గుమ్మం దగ్గర అది టప్పున పగిలింది. పక్కింటి కిటికీ తెరుచుకుని, మమ్మల్ని చూసి, మూసుకుంది.

రెండోసారి ట్రేలోనే కలిపాం. అప్పుడు మొదలైంది అసలు ముసళ్ల పండగ. మంచుకి ఆనే బేస్, ఇనప అంచు, రబ్బరు పట్టీ, గ్లాస్, కోర్, గ్లాస్, టాప్‌షీట్. ఎక్కాలు అప్పజెప్పినట్టు నేను అరుస్తుంటే వాడు అందిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెట్టింది. తడిసిన కోర్ సబ్బుబిళ్లలా జారుతోంది. ఇటు సర్దితే అటు పోతుంది. పద్దెనిమిదో నిమిషంలో వాడు మెల్లిగా అడిగాడు: "బావా, దీనికి ముందేది, వెనకేది?" బాణం గుర్తు పెన్సిల్‌తో నేనే వేశాను. కింది వైపు వేశాను. ఎత్తి చూశాం, కారింది, మళ్లీ పెట్టాం. ఇరవై మూడో నిమిషంలో అంతా ప్రెస్‌లోకి తోసి ఏనుగుల్ని ఎక్కించాం.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆ వీడియోలో ఏడో నిమిషం దగ్గర నాకు నవ్వు రాదు. ఆ గడ్డం మనిషి ఎపాక్సీని ఉత్త చేతులతో పూస్తాడు. అరచేత్తో, ముద్దుగా, తైలం రాసినట్టు. ఆ తర్వాత చొక్కా విప్పేసి, ముక్కుకి గుడ్డ ముక్క కూడా లేకుండా, ఫైబర్‌గ్లాస్ అంచుల్ని సాండర్ పెట్టి రుద్దుతాడు. ఎండలో ఆ దుమ్ము బంగారంలా మెరుస్తుంది. గిటార్ జోరందుకుంటుంది.

ఎపాక్సీ ఎలర్జీ మొదటి రోజే రానక్కర్లేదు. పదిసార్లు ఏమీ కాదు, "నాకు పడుతుంది" అని ధైర్యం వస్తుంది. పదకొండోసారి వేళ్ల సందుల్లో దద్దుర్లు, వాచిన కనురెప్పలు. ఒకసారి వచ్చిందా, ఇక పోదు. ఆ తర్వాత చుక్క తగిలినా ఒళ్లు ఊరుకోదు. ఇష్టపడి నేర్చుకున్న పనిని అలా వదులుకున్నవాళ్లున్నారు. గాజు దుమ్ము సంగతి ఊపిరితిత్తుల్ని అడగాలి. దీన్ని చూసేవాళ్లలో పదిహేనేళ్ల పిల్లలుంటారని ఆయనకు తెలీదా? పదకొండు నిమిషాల్లో మంచు మీద నవ్వడానికి రెండు నిమిషాలు దొరికాయి, గిటార్‌కి పదకొండూ దొరికాయి, తొడుగులు వేసుకోండి అనడానికి రెండు సెకన్లు దొరకలేదా? తొడుగు వేసుకుంటే అందం పోతుందనా? ఇది అజ్ఞానం కాదు, సిగ్గులేనితనం. ఈ మాట మర్యాదగా ఎలా చెప్పాలో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

మర్నాడు పొద్దున ప్రెస్ విప్పాం. ఒంపు వచ్చింది, పొరలు అతుక్కున్నాయి. ఇంకా చుట్టూ కోసి, అంచులు పదును పెట్టాలి, జతలో రెండోది చెయ్యాలి. బావమరిది బట్టతో తుడుస్తూ ఒకచోట ఆగాడు. పారదర్శకమైన టాప్‌షీట్ కింద, సరిగ్గా గద్ద తల ఉండాల్సిన చోట, నీలం రంగు రబ్బరు వేలు ఒకటి ఆకాశం వైపు చూపిస్తోంది.

"బావా, మన స్కీలో తొడుగు కనపడుతోంది" అన్నాడు.