దగ్గర అనే ఊరు యాడుండాది?

అనంతపురంలో పుట్టి పెరిగినవాళ్లకు దూరం అంటే ఏమిటో సరిగ్గా తెలీదు. అది మా తప్పు కాదు, టవర్ క్లాక్ తప్పు. పెళ్లిబట్టలు కొనాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా, అప్పు అడగడానికి స్నేహితుణ్ణి పట్టుకోవాలన్నా మా ఊళ్లో ఒకటే మాట: "టవర్ క్లాక్ కాడికి రా అన్నా, ఆడి నుంచి నడిచిపోదాం." 8 మూలలు, 15 అడుగుల వెడల్పు, 47 అడుగుల ఎత్తు పెట్టి స్వాతంత్ర్యం వచ్చిన తేదీనే కట్టడంగా లేపారని మా పెద్దలు చెబుతారు. తేదీ గుర్తుందో లేదో గానీ, ఆ గడియారం మాకు ఒక చెడ్డ అలవాటు మాత్రం చేసింది. ప్రతి ఊరికీ నడిమధ్యన ఒక చోటు ఉంటుందని, అక్కడ దిగితే అన్నీ దగ్గరేనని నమ్ముతాం. ఆ నమ్మకాన్నే మడిచి సంచిలో పెట్టుకుని బెంగళూరు పోతాం.

బెంగళూరు మాకు పరాయి ఊరేమీ కాదు. 210 కిలోమీటర్ల పైచిలుకు, బస్సులో నాలుగు గంటలు. గుండె నొప్పికి జయదేవ, తల నొప్పికి నిమ్హాన్స్, ఉద్యోగం నొప్పికి వైట్‌ఫీల్డ్. ఏడాదికి రెండుసార్లన్నా ఏదో ఒక నొప్పి మమ్మల్ని అక్కడికి లాక్కుపోతుంది. అయినా, రెండు రోజుల పనికి పోయినప్పుడు ఎక్కడ దిగాలి అనే విషయంలో మా జిల్లా ఇంతవరకు ఒక నిర్ణయానికి రాలేదు. ఊళ్లో మూడు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఎవరూ పూనుకున్నట్టు లేదు. కాబట్టి సొంత ఖర్చుతో నేను చేసిన పరిశోధనను ప్రజల ముందు పెడుతున్నాను.

పరిశోధనకు సందర్భం మా మేనల్లుడి అమెరికా ప్రయాణం. విమానం తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాలకు. ఒకడు ఎగరడానికి తొమ్మిది మందిమి బయలుదేరాం, తుఫాన్ బండి మాట్లాడుకుని. అంతకు రెండు వారాల ముందు, ఒక ఆదివారం పొద్దున, ఉగ్గాని బజ్జీల సాక్షిగా మా అక్క వాళ్లింట్లో హోటల్ నిర్ణాయక సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు బావ.

సభ్యులు తమ తమ డిమాండ్లు సమర్పించారు. అమ్మకు కింద టిఫిన్ దొరకాలి, చట్నీలో వెల్లుల్లి ఉండకూడదు. అక్కకు గీజర్. చిన్నాయనకు ఇంగ్లిష్ టాయిలెట్, మోకాళ్లు వంగవు. మేనల్లుడికి వైఫై. పిల్లకాయలకు లిఫ్ట్, ఎక్కి దిగి ఆడుకోవడానికి. బావకు పరువు, అంటే రిసెప్షన్ ముందర ఒక చేపల తొట్టి. రెండు గంటలు చర్చ జరిగింది. హోటల్ ఎక్కడ ఉండాలి అని ఒక్కరూ అడగలేదు. నేను అడిగాను అనుకుంటారేమో, నేనూ అడగలేదు. నా చేతిలో నాలుగో బజ్జీ ఉంది.

బావ ఫోన్ తీశాడు. హోటల్ ఎన్నికలో ఆయనకు సొంత శాస్త్రం ఉంది. మంచం మీద తెల్ల టవలును హంసలాగా మడిచి ఫోటో పెట్టిన హోటల్ మనిషిని మోసం చేయదు. ఆ లెక్కన వడపోస్తే మూడు మిగిలాయి. మూడింట్లో ఒకదాని అడ్రస్ చూడగానే బావ ముఖం వెలిగింది. "ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డంట! ఇంకేం గావాల?"

"ఓల్డ్ అనుందే బావా" అన్నాను, బజ్జీ అయిపోయింది కాబట్టి.

"పాతకాలం నుంచి ఉండే రోడ్డప్పా. మంచిదే గదా."

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. బెంగళూరుకు ఒకప్పుడు హెచ్ఏఎల్ విమానాశ్రయమే దిక్కు. 2008 మే నెలలో దేవనహళ్లి దగ్గర కొత్తది తెరిచారు, ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి పోయాయి. రోడ్డుకు మాత్రం పాత పేరే ఉండిపోయింది, రిటైరై పదహారేళ్లు దాటినా వాకిట్లో 'డిప్యూటీ తహసీల్దారు' అనే బోర్డు తీయని పెద్దమనిషిలాగా. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు నుంచి కొత్త ఎయిర్‌పోర్ట్‌కు దాదాపు 40 కిలోమీటర్లు. ఈ సంగతి సంఘంలో ఎవరికీ తెలీదు. తెలిసిన ఒక్క మేనల్లుడూ వీసా వచ్చిన మత్తులో ఉన్నాడు.

బావ మనిషి జాగ్రత్తపరుడు. హోటల్‌కు ఫోన్ చేసి, మాకందరికీ వినపడేట్టు స్పీకర్ పెట్టి, వచ్చిన కన్నడంలో అడిగాడు. అవతలి అబ్బాయి "ఇల్లే హత్తిర సార్" అన్నాడు. హత్తిర అంటే దగ్గర. మన హత్తుకోవడానికి దీనికి చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చాలి గానీ, బావ మాత్రం ఎయిర్‌పోర్ట్ వచ్చి హోటల్‌ను హత్తుకుని ఉన్నట్టే అర్థం చేసుకున్నాడు. ఆ అబ్బాయి అబద్ధం ఆడాడని నేను అనను. ఏ ఎయిర్‌పోర్ట్ అని బావ అడగలేదు, ఏది అని ఆయన చెప్పలేదు.

ఈ లోపల వైట్‌ఫీల్డ్ వదిన ఫోన్ చేసింది. "హోటల్ ఏంటికి, మేం చచ్చినామా?" ఇది ప్రతి బెంగళూరు ప్రయాణంలో వచ్చే ఘట్టమే. వాళ్లింటి ముందర మెట్రో ఉందని కూడా చెప్పింది. నిజమే, 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా నడుస్తోంది. మెజెస్టిక్ బస్టాండు దగ్గర ఎక్కితే సుమారు గంట. కానీ ఎయిర్‌పోర్ట్‌కు ఆ మెట్రో పోదు, పైగా తొమ్మిది మందికి రెండు బెడ్‌రూములు. వద్దన్నందుకు వదిన ఇప్పటికీ నాతో పొడిపొడిగానే మాట్లాడుతుంది. బెంగళూరులో బంధువుల ఇల్లు ఎంత దగ్గర ఉంటే మాట అంత దూరం పోతుంది.

ఒంటరిగా బస్సులో పోయేవాడికి ఈ గొడవ లేదని ఒప్పుకోవాలి. మా తాతల కాలం నుంచి వాడికి మెజెస్టిక్ ఉంది. బస్సు దిగి, గాంధీనగర్‌లోకి నడిచి, ఆధార్ జిరాక్స్ ఇచ్చి, 24 గంటల చెకౌట్ లాడ్జిలో బ్యాగు పడేస్తాడు. ఈ 24 గంటల చెకౌట్ విలువ పెద్ద హోటళ్లకు పోయేవాళ్లకు తెలీదు. వాళ్లు రాత్రి 11కు దిగినా మర్నాడు మధ్యాహ్నం 12కు తలుపు కొట్టించుకుంటారు. మనవాడు 11కు దిగితే మళ్లీ 11 దాకా మహారాజు. కిటికీ తీస్తే పక్క లాడ్జి గోడ కనపడుతుంది, అంతే. పర్పుల్ లైన్, గ్రీన్ లైన్ రెండూ కలిసేది మెజెస్టిక్‌లోనే. జయదేవకు పోవాలంటే గ్రీన్ లైన్‌లో ఆర్వీ రోడ్ దాకా పోయి, 2025 ఆగస్టులో తెరిచిన యెల్లో లైన్‌కు మారితే ఆసుపత్రి పేరుతోనే స్టేషన్ ఉంది. వందేభారత్‌లో యశ్వంతపూర్ దిగినవాడికీ గ్రీన్ లైనే. టికెట్ మీద బెంగళూరు అని చూసి మురిసి, బయ్యప్పనహళ్లి దగ్గరి విశ్వేశ్వరయ్య టెర్మినల్‌లో దిగి, ఇదేంది మెజెస్టిక్ మారిపోయిందే అని బిత్తరపోయేవాడి సంగతి వేరు.

అన్నట్టు, మెజెస్టిక్ బస్టాండు ఉన్నచోట ఒకప్పుడు ధర్మాంబుధి అనే చెరువు ఉండేది. మా జిల్లాలో చెరువు ఎండితే రైతు ఆకాశం వైపు చూస్తాడు. వాళ్ల దగ్గర ఎండితే బస్సులు వచ్చి నిలబడతాయి.

సరే, ప్రయాణానికి వద్దాం. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు రాహుకాలం. ఆలోపే హోటల్‌లో కుడికాలు పెట్టాలని బావ పట్టు. పదకొండున్నరకు బయలుదేరి పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి మూడు గంటలకు దేవనహళ్లి వచ్చేశాం. ఎడమచేతి వైపు పెద్ద బోర్డు. తల మీదుగా ఒక విమానం చక్రాలు బయటపెట్టి దిగుతోంది, కిటికీలు లెక్కపెట్టొచ్చు.

"మామా, ఎయిర్‌పోర్ట్ ఇదే" అన్నాడు మేనల్లుడు, చిన్న గొంతుతో.

"తెలుసులేరా" అన్నాడు బావ. "ముందు హోటల్‌కు పోయి స్నానాలు చేసుకుని వద్దాం. దగ్గరే గదా."

డ్రైవర్ ఫోన్‌లో మ్యాప్ చూసి, బావ ముఖం చూసి, ఏమీ అనలేదు. మంచి డ్రైవర్లు అనరు. ఎయిర్‌పోర్ట్ వెనక్కి పోయింది. యలహంక పోయింది. హెబ్బాళ వచ్చింది, అదే పోలేదు.

అనంతపురం నుంచి హెబ్బాళ ఒక ప్రయాణం, హెబ్బాళ నుంచి ఊళ్లోకి ఇంకొక ప్రయాణం. రెండోదానికి వేరే టికెట్ పెట్టకపోవడం ప్రభుత్వం దయ. మా బండి పక్కన ఒక పెళ్లి కారు ఆగింది. పెళ్లికూతురు కునుకు తీసి, లేచి, జడ సర్దుకుని, మళ్లీ కునుకు తీసింది. మేఖ్రీ సర్కిల్ దగ్గర కెంపేగౌడల కాలం నాటి బురుజు ఒకటి ఉంది. ఊరు నాలుగు దిక్కులా ఇంతవరకే అని హద్దు చూపించడానికి కట్టిన నాలుగింట్లో అదొకటి. ఎంత తెలివైన పరిపాలన! ఈ రోజు బొమ్మసంద్రలో ఉన్న హోటల్ కూడా బెంగళూరు అనే రాసుకుంటుంది. సిటీ సెంటర్‌కు ఇన్ని కిలోమీటర్లు అని బుకింగ్ యాప్ రాస్తుంది గానీ, ఆ సెంటర్ ఎవరిదో రాయదు. విధానసౌధలో పని ఉన్నవాడి సెంటర్ ఒకటి, చిక్కపేటలో పట్టుచీర కొనే మా అక్క సెంటర్ ఇంకొకటి.

ఈ సమస్యకు నేను ప్రతిపాదించే చట్టం చిన్నది. హోటల్ బోర్డు మీద దగ్గర అనే మాట రాస్తే, దేనికి దగ్గర, ఎన్ని గంటలకు దగ్గర అనేవి కూడా రాయాలి. కిలోమీటర్లు పూర్తిగా నిషేధించాలి. రాత్రి రెండు గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు ఒకే కిలోమీటరు అని చెప్పడం వినియోగదారుణ్ణి వంచించడమే. వాటి స్థానంలో 'టవర్ క్లాక్' అనే కొత్త కొలత తేవాలి. టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ఎంతసేపో అది ఒక టవర్ క్లాక్. అనంతపురంలో ఎక్కడికైనా రెండు మూడు టవర్ క్లాక్‌లు. ఆ ఆదివారం దేవనహళ్లి నుంచి హోటల్‌కు మాకు ఎన్ని పట్టాయో లెక్కపెట్టబోయి చిన్నాయన నిద్రపోయాడు.

రాహుకాలం మమ్మల్ని దొమ్మలూరు సిగ్నల్ దగ్గర పట్టుకుంది. హోటల్‌లో కాలు పెట్టేసరికి ఐదుంబావు. చేపల తొట్టి ఉంది, అందులో చేప ఒకటే. మంచం మీద హంస ఉంది, నిజంగానే. గది బాగుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి కాబట్టి పది గంటలకే మళ్లీ బండెక్కాం. రెండు గదులు, గదికి 3,400 రూపాయలు, అప్పటికి ఐదు గంటలు కూడా లేము. గంటకు ఎంత పడిందో అక్క నోటితోనే లెక్క కట్టి, హంసలాగా మడిచిన టవలును విప్పి ముఖం తుడుచుకుంది.

అంతకు ముందు, ఎనిమిది గంటలప్పుడు, బాల్కనీలో నిలబడి టీ తాగుతుంటే పైన పెద్ద చప్పుడు. ఒక విమానం కిందుగా పోయింది. హెచ్ఏఎల్ రన్‌వే ఇంకా పనిచేస్తూనే ఉంది, సైన్యానికి, పెద్దపెద్దవాళ్లకు. బావ గ్లాసు పక్కన పెట్టి, ఆకాశం వైపు చెయ్యి చూపించి, నా భుజం తట్టాడు.

"చూడప్పా. నేను చెప్పలా?"

పిల్లోణ్ణి సాగనంపి బయటికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట. అక్కడి నుంచి నేరుగా అనంతపురం దారి పట్టొచ్చు. కానీ గదులకు 12 దాకా డబ్బు కట్టాం, సగం సామాన్లు అక్కడే ఉన్నాయి, అమ్మ మందుల డబ్బాతో సహా. మళ్లీ 40 కిలోమీటర్లు వెనక్కి. పొద్దున టిఫిన్ తిని (చట్నీలో వెల్లుల్లి ఉంది), ఇంటిదారి పట్టి, ఎయిర్‌పోర్ట్ బోర్డును ఇంకొకసారి దాటాం. పిల్లోడు అప్పటికి ఏ సముద్రం మీద ఉన్నాడో. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిక్కబళ్లాపురం దాటాక కాఫీకి ఆగాం. బావ ఫోన్ మోగింది, మీ బస ఎలా ఉంది, లొకేషన్‌కు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. కళ్లజోడు పెట్టుకుని, నిదానంగా, ఒక్కొక్కటే నొక్కాడు. ఐదు.