మండల పంచాయతీల మీద మళ్లీ అదే మెసేజ్

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో, ఊరి గ్రూపులో, చివరికి మా తోడల్లుడి దగ్గర్నుంచి కూడా. "కర్ణాటకలో మండల పంచాయతీలు మండల్ కమిషన్ వల్ల పుట్టాయి. ఎన్టీఆర్‌ని చూసి కాపీ కొట్టారు. ఆడవాళ్లకు సీట్లు 1993 తర్వాతే. ఆఫీసుకు పోవాలంటే మైళ్ల నడక. పనికిరావని ఎత్తేశారు." కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దునున్న బాగేపల్లి వైపు పుట్టినవాణ్ణి. బెంగళూరొచ్చి ముప్పయ్యేళ్లయినా దీనికి జవాబివ్వకుండా ఉండలేను.

మండల్ అనేది బీసీ రిజర్వేషన్ల కమిషన్ అధ్యక్షుడి ఇంటిపేరు. మండల పంచాయతీ అంటే కొన్ని ఊళ్లకు కలిపి ఒక పంచాయతీ. దానికీ దీనికీ సంబంధం లేదు.

కాపీ మాటకొస్తే, మండల పంచాయతీ అన్న ఆలోచన పంచాయతీల సంస్కరణ కోసం కేంద్రం వేసిన, 1978 నాటి అశోక్ మెహతా కమిటీది. కర్ణాటకలో ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం 1983లోనే బిల్లు తెచ్చింది, రాష్ట్రపతి సంతకం 1985లో పడింది. ఆంధ్రలో మండలాలు వచ్చిందీ 1985లోనే. ఎవరిని చూసి ఎవరు రాసినట్టు?

నాకు ఒళ్లు మండేది ఆడవాళ్ల మాట దగ్గర. ఆ చట్టంలోనే వాళ్లకు నాలుగోవంతు సీట్లున్నాయి. 1987 జనవరి ఎన్నికల్లో మా పిన్ని గెలిచింది. ఇంట్లో తెలుగే, కన్నడం కూడబలుక్కుని చదివేది. పంచాయతీరాజ్ మంత్రి నజీర్ సాబ్‌ను జనం 'నీర్ సాబ్', అంటే నీళ్ల సాబ్ అని పిలుచుకున్న రోజులవి, ఊరూరా బోరింగులు పడుతున్నాయి. పిన్ని ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. "హరిజనవాడ బోరింగు, గొలుసు తెగింది." "బడి దగ్గరిది, వాషర్లు పోయినాయి." పక్కనే తేదీ, బాగుచేసినవాడి వేలిముద్ర. ఐదేళ్లు అలా రాసిన మనిషిని లేదనేస్తారా? ముందు ఆ పుస్తకం తిరగేసి రండి, తర్వాత ఫార్వర్డ్ చేయండి.

ఎత్తేశారన్నదీ అబద్ధమే. 1992లో పదవీకాలం అయిపోయింది, ఎన్నికలు పెట్టలేదు, అధికారుల చేతికిచ్చారు. 1993లో కొత్త చట్టంతో గ్రామ పంచాయతీలు వచ్చాయి.

నడక సంగతి మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. పదివేల మందికి అటూఇటూగా ఒక మండలం. పిన్ని మీటింగుకు నాలుగు మైళ్లు నడిచేది, చీకటి పడ్డాక వచ్చేది. కొత్త చట్టం పంచాయతీలను చిన్నవి చేసింది, ఆ మేరకు మంచిదే. ఆఫీసు మా ఊరికే వచ్చింది. అప్పటికి పిన్ని సభ్యురాలు కాదు.