క్రేన్ తిరగకపోతే మేడ ఎక్కండి

యంత్రాల నమూనాలు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. అందులో పెద్ద అసెంబ్లీ, అంటే విడిభాగాలన్నీ కూర్చిన మోడల్, మొరాయించిందంటే కారణం ఒక్కటే: మీ నెట్ బాగాలేదు. సహాయ కేంద్రం వారు ఈ పరమ సత్యాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తారంటే, స్క్రీన్ పగిలిందని చెప్పినా ముందు రౌటర్ ఆపి మళ్లీ వేయమంటారు.

ఒంగోలులో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు ఎత్తే గ్యాంట్రీ క్రేన్లు తయారు చేస్తారు. అక్కడి డిప్లొమా కుర్రాడు ఒక క్రేన్‌ను ఆఖరి బోల్టు దాకా బ్రౌజర్‌లో గీశాడు. క్వారీ యజమాని చూడటానికి వచ్చిన రోజు మౌస్‌తో తిప్పితే అది కదలలేదు. కాసేపటికి కదిలింది, ఈసారి ఆగలేదు. "దిమ్మె ఎత్తేటప్పుడు కూడా ఇలాగే చేస్తుందా?" అని అడిగారాయన.

సహాయ కేంద్రానికి ఫోన్ చేశారు. నెట్ అన్నారు. ల్యాప్‌టాప్ మొదట వాకిట్లోకి, అక్కడి నుంచి మేడ మీదికి తరలింది. మే నెల ఎండలో షెడ్డు ఓనరు స్వయంగా గొడుగు పట్టారు. వెల్డర్ హాట్‌స్పాట్ పెట్టుకుని నీళ్ల ట్యాంకు ఎక్కాడు. "సిగ్నల్ వచ్చిందా?" "గీతలన్నీ వచ్చాయి సార్, క్రేనే రాలేదు." క్వారీ యజమానికి వాస్తు మీద గురి, ఈశాన్యం వైపు తిప్పి చూడమన్నారు. ల్యాప్‌టాప్ తిరిగింది. అందులోని క్రేన్ తిరగలేదు.

మోడల్ తెరుచుకోవడం ఆలస్యమైతే నెట్‌ను తిట్టండి, న్యాయం ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో సాధారణంగా ఆకారాలను సర్వర్ లెక్కగట్టి, చిన్న చిన్న త్రిభుజాలుగా పంపుతుంది. అవి చేరాక మౌస్ కదిపినప్పుడల్లా గీయాల్సింది మన ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్పు. బ్రౌజర్‌కు ఆ చిప్పును అందించడానికే 2011లో వెబ్‌జీఎల్ వచ్చింది. కదలిక సాఫీగా, సెకనుకు 60 చిత్రాలుగా కనిపించాలంటే ఒక్కోదానికి దక్కేది సుమారు 16 మిల్లీసెకన్లు. అంత సమయంలో ట్యాంకు ఎక్కిన వెల్డర్ ఏం చేయగలడు?

కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉంది. బ్రౌజర్ దాన్ని ముట్టుకోనేలేదు. కరెంటు ఆదా పేరుతో ప్రాసెసర్‌లోని చిన్న చిప్పుతో సరిపెట్టుకుంది. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో బ్రౌజర్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకుంటే సగం గొడవ పోయేది. మిగతా సగం బోల్టుల్లో ఉంది. మనవాడు ప్రతి బోల్టుకూ థ్రెడ్డు, అంటే నట్టు బిగించే మెలికల గాడి, నిజంగానే చెక్కాడు, పాపం, శ్రద్ధ ఎక్కువ. థ్రెడ్డు తీసేసి నున్నటి బోల్టు పెడితే త్రిభుజాలు ఎన్నో రెట్లు తగ్గుతాయి. అయితే ఒకే బోల్టు వందచోట్ల ఉంటే ఆకారాన్ని ఒకేసారి చిప్పుకు అప్పగించి అన్నిచోట్లా గీయించడం, గోరంత కనిపించే భాగాన్ని ముతకగా గీయడం సాఫ్ట్‌వేర్ వాళ్ల పని. మొదటిదానికి 2017 నాటి వెబ్‌జీఎల్ 2లోనే ఏర్పాటు ఉంది.

ఇందులో ఏదీ బ్రహ్మవిద్య కాదు. ఫోన్ ఎత్తిన మనిషి ఒక్క ప్రశ్న అడిగితే చాలు: మీ బ్రౌజర్ ఏ చిప్పు వాడుతోంది? అడగరు. ఒంగోలు అన్న మాట చెవిన పడగానే రోగం తేల్చేస్తారు. ఆ కుర్రాడికి నెలజీతం లేదు, డ్రాయింగుకు ఇంత అని లెక్క. స్క్రీన్ వంక చూస్తూ పోయిన రోజుల కూలి ఎవరిస్తారు? పైగా పనిలో చురుకు లేదని వాడికే చెడ్డపేరు. సిగ్గు లేదూ? నెట్ సరిలేని ఈ ఊరి నుంచి మీ సాఫ్ట్‌వేర్ చందా మాత్రం నెలనెలా తేదీ తప్పకుండా ఏ తీగ మీద వస్తోంది?