అట్ట మీది బొమ్మ ఎవరిది?

విదేశంలో ఉన్న మా తెలుగు సంఘం వేసే ఉగాది సంచికకు ఈ ఏడాది ప్రూఫులు చూసే పని నా మీద పడింది. చివరి పేజీలో కృతజ్ఞతలు: స్పాన్సర్లు, ఫొటోలు తీసినవాళ్లు, పార్కింగ్ దగ్గర నిలబడ్డ పిల్లలు కూడా. అక్షరదోషాలు నాలుగు దిద్ది ఓకే చెప్పేశాను. సంచిక చేతికొచ్చాక మా సంఘంలో ఒక పెద్దావిడ అట్ట తిప్పి చూసి, "బొమ్మ బావుందమ్మా, వేసిందెవరు?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. కింద "కలంకారీ శైలి" అని మాత్రం వేశాం. నెట్‌లో దొరికిన ఫొటో అది.

శ్రీకాళహస్తిలో ఆ పని ఎలా చేస్తారో తెలిసినవాళ్లకు ఆ "శైలి" అన్న మాట గుచ్చుకుంటుంది. ముందు నూలు బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు, రంగు పాకకుండా. వెదురు పుల్ల కొన చెక్కి, పైన ఉన్నో గుడ్డపీలికో చుట్టి దారంతో బిగిస్తారు. అదే కలం. ఆ చుట్టను వేళ్లతో నొక్కే కొద్దీ రంగు కొనకు దిగుతుంది. నల్లరంగు అంటే తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లు. గీత తప్పితే చెరపడానికి ఉండదు. ఆపైన పటిక పూయడం, ఉడకబెట్టడం, ఉతకడం, ఎండబెట్టడం, మళ్లీ ఇంకో రంగు. కొత్త బట్టకు పాలవాసన పోదు. మా ఉగాది స్టాల్లో "కలంకారీ" అని అమ్మిన దుపట్టాలకు మాత్రం ప్లాస్టిక్ కవరు వాసనే. తిరగేస్తే వెనకంతా తెల్లగా ఉంది. మిషన్ ప్రింటు!

2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా కంపెనీ కొల్హాపురీ చెప్పుల్లాంటివి చూపించి, కొల్హాపూర్ పేరెత్తకపోతే మనవాళ్లంతా మండిపడ్డారు. గొడవయ్యాక, వాటికి మూలం మన చెప్పులేనని ఆ కంపెనీ ఒప్పుకుంది. వాళ్లు వస్తువు తీసుకుని పేరు వదిలేశారు. మనం పేరు తీసుకుని వస్తువునీ, చేసిన మనిషినీ వదిలేస్తున్నాం. నన్నడిగితే మనదే కాస్త పెద్ద తప్పు, ఎందుకంటే మనకు తెలుసు.

కలంకారీ అన్నదే పారసీ మాట కదా, అదీ అరువే కదా అని కమిటీలో ఒకాయన అన్నారు. నిజమే. మనవాళ్లు వ్రాతపని అనేవారు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో చేసేది అద్దకం. మాట ఎక్కడినుంచి వచ్చినా, చేతులు మాత్రం ఆ ఊళ్లవే. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలు రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపునిచ్చే 1999 నాటి చట్టం ప్రకారం పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, అక్కడ ఆ పని చేసేవాళ్లందరిదీ. కానీ అది భారత చట్టం. ఇక్కడ మన స్టాల్ దగ్గరికి వచ్చి అడిగేవాళ్లెవరూ లేరు, ఆ పెద్దావిడ తప్ప.

పేర్లు దొరకవన్నదీ సాకే. శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. సినిమావాళ్లకు పద్మాలు వస్తే అభినందనల పేజీ వేస్తాం. ఈయన పేరు మన సంచికల్లో నాకైతే ఎప్పుడూ కనబడలేదు.

బజ్జీల స్టాల్లో ఎవరు పిండి కలిపారో కూడా రాసే సంఘం మనది. అట్ట లామినేషన్‌కు బడ్జెట్‌లో పద్దు ఉంది, బొమ్మకు లేదు. వచ్చే సంచికకు ఆ పద్దు పెట్టమని కమిటీకి రాశాను: ఒక కళాకారుడినో కళాకారిణినో అడిగి, డబ్బిచ్చి బొమ్మ వేయించుకుని, పేరూ ఊరూ అట్ట లోపలి పేజీలో వేద్దామని. స్టాల్ పెట్టేవాళ్లు ప్రింటును ప్రింటనే అమ్మాలని ఇంకో వాక్యం చేర్చాను. దానికి మాత్రం కొంచెం టెన్షన్‌గా ఉంది, స్టాల్ వాళ్లలో ఇద్దరు మా స్పాన్సర్లు.