సవరణ: యిర్కలా బెరడు పిటిషన్లు గనిని ఆపలేదు

పోయిన వారం మన బెంగళూరు తెలుగు గ్రూపులో, చిత్రసంతె (బొమ్మల సంత) చూసొచ్చిన ఊపులో, ఆస్ట్రేలియాలో యిర్కలా అనే ఊరి యొల్ంగు ఆదివాసులు బెరడు చిత్రాలు పార్లమెంటుకు పంపి 1963లో బాక్సైట్ గనిని ఆపించుకున్నారని రాశాను. అది తప్పు. అక్కడి పార్లమెంటు, మ్యూజియం సమాచారం చూస్తే జరిగింది వేరు.

ఆస్ట్రేలియా ఉత్తరాన, నార్తర్న్ టెరిటరీలో యిర్కలా ఉన్న గోవ్ ద్వీపకల్పంలో తమ భూమిని అడగకుండా గనికి కేటాయించారని వాళ్లు పిటిషన్లు పంపిన మాట నిజమే. 1963 ఆగస్టులో ప్రతినిధుల సభ వాటిని స్వీకరించి విచారణ కమిటీ వేసింది. నష్టపరిహారం ఇవ్వాలని, పవిత్ర స్థలాలను కాపాడాలని కమిటీ చెప్పింది. గని మాత్రం వచ్చింది. కోర్టుకెళ్తే 1971లో అక్కడా ఓడిపోయారు. నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ భూహక్కుల చట్టం 1976లో గానీ రాలేదు. అంటే పిటిషన్ ఇచ్చిన 13 ఏళ్లకు! ఆ చట్టానికి దారి వేసినవాటిలో ఈ పిటిషన్లను తప్పక చెబుతారు.

ఇంకొకటి. మన తాటాకుల్లా బెరడు మీదే రాశారని కొందరు అనుకున్నారు. కాదు, యొల్ంగు భాషలోనూ ఇంగ్లీషులోనూ టైపు చేసిన కాగితాన్ని బెరడుకు అంటించి, చుట్టూ తమ వంశాల గుర్తులు చిత్రించారు. నాకైతే ఆ అంచులే అసలు దస్తావేజులా అనిపిస్తాయి, మేం ఎవరం, ఈ నేల ఎవరిది అని చెప్పేది అవే కాబట్టి.

పాత పోస్టును ఫార్వర్డ్ చేసినవాళ్లు దీన్ని కూడా అక్కడికే పంపండి.