హిట్లర్ ఓడిపోయింది 1933లోనే

రెండో ప్రపంచ యుద్ధంలో టెక్నాలజీ అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది జర్మనీయే. వీ-2 రాకెట్, జెట్ యుద్ధ విమానం, టైగర్ ట్యాంకు. ఇన్ని ఉండీ ఎలా ఓడిపోయారంటే రష్యా చలి, అమెరికా ఫ్యాక్టరీలు అని చెప్పేస్తారు. ఆ రెండూ నిజమే. కానీ ఆయుధాల పోటీలో జర్మనీ ఓటమికి పునాది 1933 ఏప్రిల్‌లోనే పడింది. యూదులనూ, తమకు నచ్చని రాజకీయాలున్నవారినీ ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగించే చట్టాన్ని నాజీలు తెచ్చింది అప్పుడే. యూనివర్సిటీ ప్రొఫెసర్లు కూడా ప్రభుత్వ ఉద్యోగులే కదా.

ఆ చట్టం ఏం చేసిందో తెలియాలంటే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగాన్ని చూడాలి. దాని అధిపతి మార్క్ ఒలిఫాంట్ ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాడు. 1940 ఫిబ్రవరిలో అక్కడ జాన్ రాండల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు రంధ్రాలు తొలిచిన ఒక రాగి దిమ్మెతో కేవిటీ మాగ్నెట్రాన్ తయారు చేశారు. దాదాపు 10 సెంటీమీటర్ల రేడియో తరంగాలను అంత శక్తితో పుట్టించే పరికరం అప్పటికి మిత్రపక్షంలో మరెవరి దగ్గరా లేదు. విమానంలో పట్టేంత చిన్న రాడార్ దానితో సాధ్యమైంది. ఆ సెప్టెంబర్‌లో బ్రిటన్ పంపిన టిజార్డ్ శాస్త్రవేత్తల బృందం దాన్ని ఒక పెట్టెలో పెట్టుకుని అట్లాంటిక్ దాటించి అమెరికాకు అప్పగించింది. రాత్రిపూట బ్యాటరీలు చార్జ్ చేసుకోవడానికి నీటిపైకి తేలే జర్మన్ జలాంతర్గాములకు ఆ తర్వాత చీకటి రక్షణ లేకుండా పోయింది. వాటిలోని హెచ్చరిక పరికరాలు ఈ కొత్త తరంగాలను పసిగట్టలేకపోయాయి. 1943 మే ఒక్క నెలలోనే 41 జలాంతర్గాములు పోయాయి. కోడ్‌లు ఛేదించినవాళ్ల వాటా, దూరం ఎగిరే విమానాల వాటా అందులో ఉన్నాయి. ఏదైతేనేం, జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి తన జలాంతర్గాములను వెనక్కి పిలవక తప్పలేదు.

నన్ను కుదిపేసే సంగతి ఇంకొకటి ఉంది. అదే విభాగంలో ఆటో ఫ్రిష్, రుడాల్ఫ్ పయర్ల్స్ అనే ఇద్దరు యూదు శాస్త్రవేత్తలు ఉన్నారు. ఫ్రిష్ 1933లో హాంబర్గ్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. బెర్లిన్‌లో పుట్టిన పయర్ల్స్ హిట్లర్ వచ్చాక ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాడు. శత్రుదేశం నుంచి వచ్చినవారన్న అనుమానంతో వాళ్లను రాడార్ రహస్యాలకు దూరంగా ఉంచారు. దాంతో వాళ్లు యురేనియం లెక్కల మీద కూర్చున్నారు. బాంబు చేయాలంటే టన్నుల కొద్దీ యురేనియం కావాలని అందరూ అనుకుంటున్న రోజుల్లో, అందులోంచి వేరుచేసిన యురేనియం-235 అనే రకం కొద్దిపాటి ముద్ద చాలని 1940 మార్చిలో రాసిచ్చారు. అణుబాంబు దారి అక్కడ మొదలైంది. ఆ దారి హిరోషిమాకు చేరింది, దాన్ని ఘనతగా చెప్పను. కానీ ఆ లెక్క వేసిన బుర్రలను బయటికి నెట్టింది జర్మనీయే. ట్యూబింగెన్‌లో ఉద్యోగం ఊడిన హాన్స్ బేథే అమెరికా అణుబాంబు తయారు చేసిన లాస్ అలమోస్‌లో సిద్ధాంత విభాగానికి అధిపతి అయ్యాడు. బెర్లిన్ వదిలి వచ్చిన ఎర్నెస్ట్ చెయిన్ ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్‌ను మందుగా మలిచినవారిలో ఒకడు.

యుద్ధమే సైన్స్‌ను పరుగెత్తిస్తుందని, అవసరమూ డబ్బూ ఉంటే అన్నీ పుడతాయని కొందరు వాదిస్తారు. జర్మనీకి ఆ రెండూ ఉన్నాయి. వాటితో పుట్టిన వీ-2ను చూడండి. దాన్ని తయారు చేయడానికి మిట్టెల్‌బావ్-డోరా అనే నాజీ శిబిరంలో బానిసల్లా పనిచేయించిన ఖైదీల్లో వేల మంది చనిపోయారు. ఆ రాకెట్ తగిలి పోయిన ప్రాణాల కంటే దాన్ని చేయడంలో పోయిన ప్రాణాలే ఎక్కువ. యుద్ధ గతిని అది ఒక్క అంగుళం కూడా మార్చలేదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ కథలోనే ఉన్నారు. ఖద్దరు కట్టినందుకు మద్రాసులో తెల్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు తక్కువ పట్టాతో బయటపడ్డారు. అమెరికా వెళ్లారు. హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వకపోతే 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు వెతికే పని మొదలైంది. ఆయన బృందం తెచ్చిన హెట్రజాన్ అలా పుట్టింది. మన ఊళ్లలో బోదకాలు నివారణకు పంచే డీఈసీ మాత్ర అదే.

ఇప్పుడు మన సంగతి. హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్న ఆకాశ్ క్షిపణిని చూసి గర్వపడని తెలుగువాడు లేడు, నేనూ అంతే. అయితే రేపటి ఆకాశ్‌ను తయారు చేయాల్సిన పిల్లలకు పాఠం చెప్పేదెవరు? రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. కాంట్రాక్టు అధ్యాపకులతో, గెస్ట్ ఫ్యాకల్టీతో విభాగాలు నెట్టుకొస్తున్నారు. రిసర్చ్ చేయాలన్న తపన ఉన్నవాళ్లు వీసా ఇంటర్వ్యూ టెన్షన్‌తో కాన్సులేట్ దగ్గర నిలబడుతున్నారు. వాళ్లను మనం చట్టం చేసి తరమలేదు, ఇక్కడ ఉండే వీలు లేకుండా చేశాం అంతే. రక్షణ బడ్జెట్ పెరిగినప్పుడు బల్లలు చరిచే మన ఎంపీలు, ఎమ్మెల్యేలు వచ్చే సమావేశాల్లో ఒక్క ప్రశ్న అడగాలి: ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ విభాగాల్లో మంజూరైన పోస్టులెన్ని, పర్మనెంట్‌గా నింపినవెన్ని, మిగిలినవి ఏ తేదీలోగా నింపుతారు?