ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ల గురించి మీరు పంపుతున్న సందేశానికి నా జవాబు

చలికాలం వచ్చిందంటే ఈ సందేశం ఏదో ఒక గ్రూపులో తేలుతుంది. ఈసారి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, బడి స్నేహితుల గ్రూపులో వచ్చింది. అది చాలదన్నట్టు మా పెద్దమ్మ కొడుకు "తప్పక చదువు తమ్ముడూ" అంటూ విడిగా కూడా పంపాడు. "హైదరాబాద్ ప్రజలారా, మేల్కొనండి" అని మొదలయ్యే ఆ సందేశం ఆరు మాటలు చెబుతుంది. ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద పడుకునేవాళ్లు మనకంటే ఎక్కువ సంపాదిస్తారట. సాయం చేస్తే సోమరులవుతారట, సుప్రీంకోర్టు కూడా అదే అన్నదట. ప్రభుత్వం షెల్టర్లు కట్టినా తాగడానికి వీలుండదని వెళ్లరట. అందరూ బయటి రాష్ట్రాలవాళ్లేనట. వాళ్ల దగ్గరున్న పిల్లలు ఎత్తుకొచ్చిన పిల్లలట, కనిపిస్తే చుట్టుముట్టి నిలదీయాలట. సేవాసంస్థలన్నీ ఫొటోల కోసం, విదేశీ డబ్బు కోసం పుట్టినవేనట.

సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఇల్లు లేనివాళ్లతో పనిచేసే ఒక చిన్న బృందంతో నేను కొన్నేళ్లుగా తిరుగుతున్నాను. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

సంపాదన సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. రోజుకు వేలు సంపాదించేవాడు దోమల మధ్య, లారీల పొగలో, పాదాల దగ్గర చెప్పులు ఎవరు ఎత్తుకుపోతారోనన్న భయంతో ఏళ్ల తరబడి ఎందుకు పడుకుంటాడు? ఎక్కడో ఒక యాచకుడి సంచిలో నోట్ల కట్టలు దొరికాయన్న వార్తను నగరమంతటికీ అంటగట్టకండి. పైగా ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లందరూ యాచకులు కారు. వాళ్లలో హమాలీలున్నారు, అడ్డా కూలీలున్నారు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లున్నారు. ఫంక్షన్ హాళ్లలో మీరు తిన్న ప్లేట్లు కడిగి, అర్ధరాత్రి దాటాక బయటికొచ్చి ఏదో ఒక దుకాణం అరుగు మీద నడుం వాల్చేవాళ్లున్నారు. ముహూర్తాలున్న నెలల్లో వాళ్లకు పని ఉంటుంది. ఆషాఢంలో, మూఢంలో ఆ కూలీ కూడా ఉండదు.

బయటి రాష్ట్రాలవాళ్లన్న మాట మీద ఎక్కువ చెప్పను. ఈ దేశంలో ఎక్కడైనా బతికే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు. ముంబైలో, దుబాయ్‌లో మనవాళ్లు ఎలా బతికారో తెలిసిన ఇళ్ల నుంచే ఈ మాట రావడం నాకు బాధగా ఉంది.

ఇక పిల్లల మాట. మిగిలిన ఐదింటినీ అజ్ఞానం అనుకుని వదిలేయవచ్చు. దీన్ని వదలలేను. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ అంతటా ఫోన్లలో ఇలాంటి సందేశాలే తిరిగాయి. రంజాన్ మాసంలో యాచన కోసం వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చాంద్రాయణగుట్టలో గుంపు కొట్టి చంపింది. ఆమె ఎవరి బిడ్డనూ ఎత్తుకుపోలేదు. ఆమెను కొట్టినవాళ్లు ఒక సందేశాన్ని నమ్మారు, అంతే. ఆ సందేశాన్ని ముందుకు తోసినవాళ్లలో ఒక్కరైనా ఆ రాత్రి నిద్ర మానుకున్నారా? "చుట్టుముట్టి నిలదీయండి" అన్న వాక్యాన్ని, చదువుకున్నవాళ్లు, మనవళ్లున్నవాళ్లు, చేతులు జోడించే బొమ్మతో పాటు ఎలా పంపగలుగుతున్నారు?

తల్లి నల్లగా ఉంది, పాప తెల్లగా ఉంది, కాబట్టి ఎత్తుకొచ్చిందేనని అందులో ఒక ఆనవాలు కూడా రాశారు. మన ఇళ్లలో ఎంతమంది తల్లీబిడ్డలు ఆ పరీక్షకు నిలుస్తారు? బిడ్డ మత్తుగా నిద్రపోతోందంటే మందు పెట్టారని మరో ఆనవాలు. రాత్రంతా హారన్ల మధ్య పడుకున్న పసిపిల్ల పగలు నిద్రపోక ఏం చేస్తుంది? పిల్లల అక్రమ రవాణా ఉంది, కాదనను. నిజంగా అనుమానం వస్తే 1098కి ఫోను చేయండి. బాలల సంక్షేమ సమితి ఉంది. ప్రతి జనవరిలో ఆపరేషన్ స్మైల్, ప్రతి జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు వెతుకుతూనే ఉన్నారు. గుంపుగా వెళ్లి ఒక పేద తల్లి చేతిలోంచి బిడ్డను లాక్కునే అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు. ఆ తల్లికి అక్కడికక్కడ చూపించడానికి జనన ధృవీకరణ పత్రం ఉండదు. ఉన్నా, వానలో తడిసి ఎప్పుడో పోయి ఉంటుంది.

ఆ పిల్లల గురించి నిజంగా దిగులుంటే, జరిగిన మంచిపనిని చూడండి. ప్రభుత్వ బడుల్లో ఖాళీగా ఉన్న గదులను వసతి గృహాలుగా మార్చి, వీధుల్లో పెరుగుతున్న ఆడపిల్లలను చేర్చుకుని, చదివిస్తున్న రెయిన్‌బో హోమ్స్ ఈ నగరంలోనే ఉన్నాయి. అమన్ వేదిక లాంటి సంస్థలు ఆ పని చేస్తున్నాయి. అక్కడ పిల్లల్ని తల్లుల నుంచి తెంచరు. తల్లి వచ్చి చూసుకుంటుంది, పండక్కి తీసుకెళుతుంది.

షెల్టర్ల విషయానికి వద్దాం. 2024 దాకా నడిచిన కేంద్ర పథకం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన నిబంధన ప్రకారం లక్ష జనాభాకు ఒక శాశ్వత షెల్టర్ ఉండాలి. ఏడాది పొడవునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటుండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారమే మహానగర పాలక సంస్థ పరిధిలో 67 లక్షల మంది ఉన్నారు. అంటే ఆనాటికే అరవై ఏడు షెల్టర్లు కావాలి. అందులో సగం కూడా లేవు. లేనివాటికి వాళ్లు ఎలా వెళతారు? ఉన్నవాటిలో ఎక్కువభాగం మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలూ ఉన్న కుటుంబం రాత్రికి విడిపోవాలా? చిత్తుకాగితాల మూట లోపలికి రానివ్వకపోతే ఆ మనిషి తన మూడు రోజుల సంపాదనను రోడ్డు మీద వదిలి లోపల ఎలా నిద్రపోతాడు? తెల్లవారుజామున మార్కెట్‌లో లోడు దించాల్సిన హమాలీ అక్కడికి దగ్గర్లోనే పడుకుంటాడు. అతన్ని ఊరవతల షెల్టర్‌కు పొమ్మంటే పని పోతుంది. నీలోఫర్, ఉస్మానియా ఆసుపత్రుల బయట పడుకున్నవాళ్లను ఎప్పుడైనా పలకరించారా? వాళ్లలో చాలామందికి ఊళ్లో ఇల్లుంది. లోపల మంచం మీద బిడ్డో భర్తో ఉన్నారు కాబట్టి బయట ఉన్నారు.

తాగుడు గురించి నిజమే చెబుతాను. తాగేవాళ్లున్నారు. చాలామంది రోడ్డు మీదికి వచ్చాక మొదలుపెట్టారు. మూటలు మోసిన ఒళ్లునొప్పికి, చలికి, భయానికి అది వాళ్లకు దొరికిన మందు. ముందు తాగుడు మానితేనే చోటిస్తామనే పద్ధతిని ఫిన్లాండ్ 2008లో పక్కన పెట్టింది. ముందు ఇల్లిచ్చి, ఆ తరువాత వైద్యం, సలహా అందించింది. ఏళ్ల తరబడి వీధుల్లో ఉన్నవారి సంఖ్య అక్కడ బాగా తగ్గింది. మనకు అంత డబ్బు లేదనండి, ఒప్పుకుంటాను. మనిషి మారడని మాత్రం అనకండి.

ఇప్పుడు అసలు మాట: సాయం చేస్తే సోమరులవుతారు, సుప్రీంకోర్టే అన్నది. కోర్టు విషయం ముందు తేలుద్దాం. 2025 ఫిబ్రవరిలో నిరాశ్రయుల వసతి కేసు విచారణలో జస్టిస్ గవాయి ఉచితాల గురించి ఒక కటువైన వ్యాఖ్య చేశారు. అది విచారణలో నోటిమాటగా అన్నది, తీర్పు కాదు. ఎన్నికల ముందు ప్రకటించే పథకాల గురించి అన్నది. పట్టణ పేదరిక నిర్మూలన పథకం అమలుకు ఎంత సమయం పడుతుందో చెప్పాలని అదే విచారణలో కేంద్రాన్ని అడిగారు. ఆ సగం మీ సందేశంలో లేదు. 2021లో యాచనను నిషేధించాలన్న పిటిషన్ వచ్చినప్పుడు, మరో దారి లేక అడుక్కుంటారని, తాము ఉన్నతవర్గాల దృష్టితో చూడబోమని అదే కోర్టు చెప్పింది. ఆ మాట ఎవరూ ఎందుకు పంపరు?

సోమరితనం అంటున్నారు కదా. ఒక మనిషి కింద పడ్డాక ఏమవుతుందో చూడండి. పరంజా మీద నుంచి జారి కాలు విరిగిన మేస్త్రీని తీసుకోండి. పని లేదు, అద్దె కట్టలేదు, గది పోయింది. మొదటి వారంలోనే నిద్రలో సంచి పోయింది. అందులో ఆధార్ ఉంది, ఫోను ఉంది. కొత్త సిమ్ కావాలంటే ఆధార్ అడుగుతారు. ఆధార్ నంబరు తెలుసుకుందామంటే సందేశం పాత ఫోనుకు పోతుంది. వేలిముద్ర వేద్దామంటే సిమెంటుతో వేళ్లు అరిగిపోయాయి, యంత్రం ఒప్పుకోదు. చిరునామా ఏమిటని అడుగుతారు. ఏం చెప్పాలి? ఫలానా పిల్లర్ అని చెప్పాలా? ఆధార్ లేదు కాబట్టి బ్యాంకు ఖాతా లేదు, రేషన్ లేదు, పింఛను లేదు. పొద్దున అడ్డా మీద నిలబడితే స్నానం లేని, మాసిన బట్టల మనిషిని ఏ మేస్త్రీ పిలవడు. రెండు రోజులు పని దొరక్కపోతే మూడో రోజు నిలబడే ఓపిక ఉండదు. ఇందులో సోమరితనం ఏ మెట్టు మీద ఉందో నాకు చూపించండి.

సేవాసంస్థ చేసే పని సరిగ్గా ఈ మెట్ల మీదే. గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులు ఇచ్చే ధృవపత్రాన్ని ఆధార్‌కు చిరునామా రుజువుగా తీసుకుంటారు. అంటే షెల్టర్‌లో పేరు నమోదైతే, ఆ మనిషికి ఈ నగరంలో ఒక అడ్రసు వస్తుంది. ఆ తరువాత ఎవరో ఒకరు వెంట వెళ్లాలి. మీసేవ దగ్గరికి, బ్యాంకుకు, ఆసుపత్రికి. ఒంటరిగా వెళితే గేటు దగ్గరే తరిమేస్తారు. పక్కన చొక్కా ఇస్త్రీ చేసుకున్న మనిషి ఒకడుంటే లోపలికి రానిస్తారు. సిగ్గుచేటు, కానీ రోజూ చూస్తున్నాను.

క్షయ ఉన్న మనిషికి ఆరు నెలలు మందులు ఉచితంగా ఇస్తారు. మందు ఉంటే చాలదు. ఏ రోజూ తప్పకుండా మింగించేవాళ్లు, మింగాక అన్నం పెట్టేవాళ్లు కావాలి. పోషకాహారం కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు పడడానికి ఖాతా కావాలి. మానసిక రోగంతో తిరిగేవాళ్ల విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా ఉంది. పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి, ఇల్లు లేనివారికి వైద్యం ఉచితంగా అందాలి. ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. కానీ అక్కడి నుంచి బయటికొచ్చాక ఎక్కడికి? ఆ ప్రశ్నకు చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ జవాబు వెతికింది. కోలుకున్నవాళ్లను మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో కలిసి ఉండనిస్తోంది. మహారాష్ట్రలో డాక్టర్ భరత్ వాత్వానీ రోడ్ల మీద తిరిగే రోగులకు వైద్యం చేసి వేల మందిని సొంత ఊళ్లకు చేర్చారు. 2018లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. సాయంతో మనిషి చెడిపోతాడని వాదించేవాళ్లు, ఇరవై ఏళ్ల తరువాత కొడుకును గుమ్మంలో చూసిన తల్లి ముందు నిలబడి ఆ మాట అనగలరా?

ఒక పూట అన్నం కూడా ఇందులో భాగమే. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి సయ్యద్ ఉస్మాన్ అజర్ మక్సూసీ మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. మతం అడగరు, కార్డు అడగరు. కడుపు నిండినవాడితోనే ఆధార్ గురించి మాట్లాడగలం. ఆకలితో ఉన్నవాడికి ఆ మాట చెవికెక్కదు.

సాయం బదులు తరిమేయడమే మందు అనేవాళ్లకు మన నగరం అనుభవమే ఉంది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగరంలో యాచనను నిషేధించారు. పట్టుకున్నవాళ్లను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆనందాశ్రమానికి తరలించారు. చాలామందిని ఇకపై అడుక్కోబోమని రాయించుకుని పంపించారు. కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన ఇల్లు వస్తుందా? సదస్సు అయిపోయింది, కూడళ్ల దగ్గర చేతులు మళ్లీ చాచారు.

చివరగా సేవాసంస్థల ఫొటోలు. ఈ ఒక్కచోట మీ సందేశంలో నిజం ఉంది. డిసెంబరులో అర్ధరాత్రి కారాపి, నిద్రపోతున్న ముసలమ్మను లేపి, ముఖం మీద లైటు వేసి దుప్పటి కప్పే ఫొటోలు నాకూ అసహ్యం. ఒకే మనిషికి ఒకే వారంలో నాలుగు దుప్పట్లు వస్తాయి. దాచుకోవడానికి చోటు లేక మూడు అమ్మేస్తాడు. పండగ రోజు ఒకే ఫ్లైఓవర్ కింద ఆరు బృందాలు బిర్యానీ పంచుతాయి, మరునాడు ఒక్కరూ రారు. ఇది సాయం కాదు, ఆపాలి. డబ్బు తిన్న సంస్థలు కూడా ఉన్నాయి. వాటిని బయటపెట్టండి, నేనూ వస్తాను.

ఇచ్చేముందు అడగండి. ఈ ఏడాది ఎంతమందికి ఆధార్ తీయించారు? క్షయ మందులు ఎంతమంది పూర్తిచేశారు? పోయినేడు మీ షెల్టర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? కొందరు మళ్లీ రోడ్డు మీదికి వచ్చారని చెప్పే సంస్థను నమ్మండి, ఎందుకంటే కొందరు నిజంగానే వస్తారు, వాళ్లను మళ్లీ లోపలికి పిలవాలి. డబ్బు ఇవ్వలేనివాళ్లు ఒక పొద్దున సెలవు పెట్టి, ఒక ముసలాయన వెంట ఆధార్ కేంద్రానికి వెళ్లండి. వరుసలో ఆయన పక్కన నిలబడితే చాలు.